ఫోటోలో పూలి

"చెప్పేది ఒక్కటే మాట. పూలిని తోల్కపోవాలె, గోరి అని చెప్పాలె, ముద్ర ఏయించుకోవాలె, ఇంటికి రావాలె. గంట పని గూడ గాదు."

ఒక్కటే మాట అని నాలుగు మాటలు చెప్పిన రామ్‌చందర్ నులకమంచం మీద వెనక్కి జరిగి టీ గ్లాసు అందుకున్నాడు. తండాలో ఎవరికి ఏ కాగితం కావాలన్నా చండ్రుగొండ మండలాఫీసులో దాని దారి ఆయనకే తెలుసు. ఆ దారి తిన్నగా ఉండగా మాత్రం ఇంతవరకు ఎవరూ చూడలేదు.

"ఆ పేరు ఈ ఇంట్ల ఎత్తొద్దని నిన్ననే చెప్పిన," అంది గోరి పొయ్యి దగ్గర్నుంచి.

"ఎత్తకుంటే సోమవారం ఆపరేషన్ ఎట్లయితదే?" మొగుడు బద్యా గొంతు లేచింది. "పట్నంల దవాఖానా కౌంటర్ కాడి పిల్ల ఏమన్నదో నువ్వు గూడ ఇన్నవ్ గదా. కార్డుల ఫోటో నీది గాదన్నది. కంప్యూటర్ల గూడ నీ మొఖం లేదన్నది. మండలాఫీసు నుంచి కాయితం తెస్తెనే లోపల పండవెడ్తమన్నది. ఇయ్యాల శుక్రవారం."

"ఇన్న. చెవులకేం జబ్బు రాలే."

ఉషారాణి ఆసుపత్రి ఫైలు ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంది. కొత్తగూడెంలో నర్సు ట్రైనింగు మధ్యలో ఆపి నాలుగు నెలలుగా తల్లి వెంట తిరుగుతున్నది. ఆ ఫైల్లో ఏముందో తనకే ఎక్కువ తెలుసు కాబట్టి ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడుతుంది.

"యాడీ," అంది తల్లితో. "రొమ్ముల గడ్డ ఇంజెక్షన్లకు చిన్నగయింది. ఇప్పుడు తీసెయ్యకుంటే మల్ల పెరుగుతదని డాక్టరమ్మ చెప్పింది. మల్ల మొదట్నుంచి ఇంజెక్షన్లంటే యాడికెల్లి తెస్తం?"

మొదటి నాలుగు ఇంజెక్షన్లకు ఎడ్లజత పోయింది. కారేపల్లిలో పుట్టింటివాళ్లు తలా ఇంత వేశారు. తండా చందా పట్టింది. గోరి జుట్టు ఊడిపోయింది. చెంపల పక్కన జడలకు వేలాడే వెండి గొలుసులు తగిలించుకోవడానికి వెంట్రుక లేక ట్రంకు పెట్టెలో పడున్నాయి. వాటిని అమ్ముదామా అని బద్యా ఒకసారి నసిగితే, "జుట్టు మల్ల మొలుస్తది, అప్పుడేం పెట్టుకోవాలె?" అని కసిరింది. ఆపరేషను తెల్లకార్డు మీద సర్కారే చేయిస్తుంది. కార్డు చెల్లదంటే ఎనభై వేలు కట్టాలి. ఆ ఇంట్లో ఆ మాటను ఇంకా ఎవరూ పైకి పలకలేదు.

కార్డు బద్యా చేతిలోనే ఉంది. అందులో ఫోటో చక్కగా వచ్చింది. కుర్చీలో బద్యా, పక్క కుర్చీలో అతని భార్య, వెనక ఉషారాణి. కింద పేర్లూ సరిగ్గానే రాశారు. చిక్కల్లా ఒక్కటే, భార్య కుర్చీలో కూర్చున్నది గోరి కాదు, బద్యా తమ్ముడు రూప్లా భార్య పూలి.

ఇది జరిగి మూడేళ్లయింది. మిరపకాయలు ఏరే కాలంలో తండాలో ఆడవాళ్లెవరూ ఇళ్లలో ఉండరు. గోరి కూడా మేస్త్రీ లారీ ఎక్కి పోయింది. సరిగ్గా ఆ వారమే కార్డుల ఫోటోలు తీసేవాళ్లు వచ్చారు. మనిషి లేకపోతే కార్డులో పేరు కొట్టేస్తారని ఎవరో అన్నారు. బాలింత కాబట్టి పూలి ఒక్కతే ఇంటి దగ్గర ఉంది. అప్పటికి బతికే ఉన్న అత్త ఆమెను రెక్క పట్టుకుని లాక్కొచ్చి కుర్చీలో కూలేసింది. చాలా ఇళ్లల్లో అట్లాగే అయింది. ఒకరి అక్క ఇంకొకరికి పెళ్లామైంది, ఒకరి కోడలు ఇంకొకరికి తల్లయింది. సర్కారువాళ్లకు అందరూ ఒకటేగా అని తండా అంతా నవ్వుకుంది.

కాని పూలికి నవ్వు రాలేదు. వాళ్ల మర్యాదలో తమ్ముడి భార్య బావ ముందు ముసుగు తీయదు. ఎదురుపడి మాట్లాడదు. ఇంటికి నిప్పంటుకున్నా ఆ సంగతి గోడకో మేకకో చెప్పినట్టు చెప్పాలి. అట్లాంటిది, ముసుగు తీస్తేనే ఫోటో అని కెమెరా మనిషి గదిమితే, బావ పక్కన ముఖం బయటపెట్టి కూర్చుంది. మర్నాడు మొగుడి పక్కన కూర్చుని తమ కార్డుకూ దిగింది. అంటే ఆమె ముఖం రెండు కార్డుల్లో ఉంది.

అక్కడితో పోయేదే. మిరప తోటల నుంచి తిరిగొచ్చిన గోరి కార్డు చూసి పకపకా నవ్వింది. ఎవరింట్లోనో పెళ్లి, పాతికమంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. "సర్కారే మీ ఇద్దరికి పెండ్లి జేసిందే పూలీ! ఇగ ఆయనకు రొట్టెలు నువ్వే జెయ్యి, నాకు రెస్టు," అంది. తోడికోడళ్ల మధ్య ఎకసెక్కం మామూలే. కాని ఆ మాట ఆడవాళ్ల దగ్గర్నుంచి మొగవాళ్లకు, మొగవాళ్ల దగ్గర్నుంచి సారా కొట్టుకు పోయింది. అక్కడ రూప్లా విన్నాడు. వాకిట్లో అందరూ చూస్తుండగా పూలిని కొట్టాడు. ముందు పన్ను ఊడింది. ఆ వారంలోనే అన్న ఇంటివైపున్న తలుపు మూసేసి, గోడకు అవతలి పక్క కొత్త తలుపు పెట్టించాడు. ఆ మాట మొదట ఎవరన్నారో అతనికి ఈనాటికీ తెలియదు.

"గోరమ్మా," రామ్‌చందర్ గ్లాసు కింద పెట్టాడు. "ఫోటోల ఉన్నది గోరేనని ఆఫీసుల కాయితం రాపిస్త, దవాఖానాల మందులకు మొఖం మారిందంటం. పూలి జర నిలబడితే చాలు. ఎవరికి నష్టం?"

"పూలికి."

"ఒక్క గంట..."

"మొదటిసారి గూడ ఒక్క గంటే అన్నరు. దాన్ని రెండోసారి నా మొగని పక్కన పెండ్లామని నిలబెట్ట. నేనింకా బతికే ఉన్న. నా జాగల నేనే నిలబడ్త."

బద్యా మంచం కోడును చేత్తో గుద్దాడు. "నీ పంతానికి నువ్వు చస్తవ్! మేమేం గావాలె?"

గోరి పొయ్యిలో కట్టె బయటికి లాగి నీళ్లు చల్లింది. తలకు కొంగు చుట్టుకుని బయటికి నడిచింది.

రూప్లా ఇంటి తలుపు పక్కకు తిరిగినందుకు ఇరవై అడుగుల దూరానికి గోరి రెండిళ్ల వెనక నుంచి చుట్టు తిరగవలసి వచ్చింది. దారిలో రెండుసార్లు ఆయాసంతో నిలబడింది. రూప్లా పనికి పోయాడు. పూలి వాకిట్లో తునికాకు కట్టలు కడుతున్నది. తలెత్తి చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

గోరి ఎదురుగా కూర్చుని కుప్పలోంచి ఆకు తీసి సర్దడం మొదలుపెట్టింది. ఇద్దరూ కలిసి రెండు కట్టలు కట్టారు.

"లెక్క తప్పుతున్నవ్," అంది పూలి చివరికి. "కట్టకు యాభై ఉండాలె. చేతులు వణుకుతున్నయ్ నీకు."

"మందులకు."

"తెలుసు. నువ్వు కక్కుకునేది మా ఇంట్లకు ఇనవడ్తది. తలుపు మార్చినం గాని గోడ అదే గదా."

నాలుగు నెలలుగా ఆ గోడ అవతల ఒక మనిషి తన దగ్గూ తన మూలుగూ వింటూ ఉందన్న సంగతి గోరి ఎప్పుడూ తలచలేదు.

"రామ్‌చందర్ మొన్ననే వచ్చి అడిగిండు," అంది పూలి. "వస్తనన్న."

"ఏమన్నవ్?"

"నీ పేరు చెప్పి నిలబడ్తనన్న."

"రూప్లా?"

"తెల్వదు. తెలిసిననాడు చూద్దాం."

"నేను వద్దంటున్న!"

"నీకు బతకాలని లేదా అక్కా?"

అక్కా అన్న పిలుపు విని మూడేళ్లయింది. గోరి చేతిలోని ఆకు కింద పెట్టింది.

"ఉన్నది. శానా ఉన్నది. కోటలేం కట్టను గాని, నా పిల్ల సూది పట్టుకుని నర్సుగ తిరుగుతుంటె చూడాలె. గాని ఒక్కసారి నిన్ను ఆ కుర్చీల చూసి కూత కూసి నీ పన్ను ఊడగొట్టించిన. మల్ల నిన్ను ఆడనే నిలబెట్టి నేను బతికితే, ఆ బతుకుల నాకు అన్నం దిగదు పూలీ. ఆ మాట ముందుగల అన్నది నేనే."

"నాకు తెలుసు. నా ముందటనే అన్నవ్ గదా."

"మరి రూప్లాకు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నీ ఇంటి మీదికొచ్చేటోడు. అన్నదమ్ములిద్దరు నరుక్కునేటోళ్లు. నాకైతే పోయింది ఒక్క పన్నే."

పూలి నార ముడివేసి కట్ట పక్కన పడేసింది. గోరి కళ్లు తుడుచుకుంది, సిగ్గుపడుతూనే అడగవలసింది అడిగింది.

"అబద్ధానికి వస్తనన్నవ్. నిజం జెప్పనీకి వస్తవా?"

పూలి చేతులు ఆగిపోయాయి. "నిజం జెప్తె రెండు కార్డులల్ల ఒక్క మొఖం ఉన్నదని తేలుతది. మా కార్డు గుంజుకుంటరు. ముగ్గురు పిల్లలక్కా. నెలకింత బియ్యం ఆ కార్డు మీదనే. అబద్ధమైతే వస్త. నిజానికి రాలేను."

అంతలో కంచె అవతల బద్యా దగ్గాడు. పెళ్లాం వెనకే వచ్చాడు. పూలి చటుక్కున ముసుగు గడ్డం కిందికి లాక్కుంది.

"గోరీ," అన్నాడు బద్యా వేపచెట్టు వైపు చూస్తూ. "ఆమె అబద్ధానికి వస్తనంటుంది గదా. అదే చాలని చెప్పు."

"అక్కా," అంది పూలి ఆకుకట్టతో. "నేను తయారేనని ఆయనకు చెప్పు."

"మంచిగున్నది!" గోరి లేచి నిలబడింది. "మీ ఇద్దరి నడుమ నన్ను నిలబెట్టి నా మీదనే ఒక్కటైతున్రా? నేను పోతున్న ఆఫీసుకు. ఉన్నదే చెప్త. పూలీ, నీ పేరు నా నోట రాదు. భయపడకు."

అన్నంత పనీ చేసింది. పన్నెండు దాటేసరికి డిప్యూటీ తాసిల్దారు వెంకటేశ్వరరావు టేబుల్ ముందు నిలబడింది. పక్కన ఉషారాణి ఫైలుతో, వెనక బద్యా వేలాడిన ముఖంతో. రామ్‌చందర్ వరండా దాకా వచ్చి, ఈ మనిషి ఏం చెప్పబోతున్నదో తెలిసి, బీడీ తాగే నెపంతో మాయమయ్యాడు.

వెంకటేశ్వరరావు మధిర వైపు మనిషి. కార్డునూ గోరినీ మార్చి మార్చి చూశాడు. గుండు మీది కొంగు, ఊడిన కనుబొమలు, మండే ఎండలోనూ వణికే చేతులు. ఆయనకు జాలేసింది.

"మందులకి ముఖం బాగా మారిపోయినట్టుందమ్మా," అన్నాడు మెల్లిగా.

ఊ అంటే అయిపోయేది. బద్యా వెనక నుంచి గోరి మోచేయి పట్టుకుని నొక్కాడు. గోరి ఆ చేయి విదిలించుకుంది.

"మందులకు గాదు సారూ. అది నేను గానే గాదు. ఫోటో నాడు నేను మిరపకాయలు ఏరవోయిన. నా పేరు పోతదని ఇంకొకామెను కూసోబెట్టిండ్రు. పేరు నాది, మొగడు నావోడు, జబ్బు నాది. మొఖం ఒక్కటే తప్పు పడ్డది. అది దిద్ది కాయితమియ్యి."

గుమాస్తా ఒకడు నవ్వాడు. వెంకటేశ్వరరావు కళ్లజోడు తీశాడు. ఇట్లాంటిది ఆయన ఇదివరకు వినకపోలేదు, కాని ఎవరూ ఇంత గట్టిగా చెప్పలేదు.

"ఆ కూర్చున్నామె ఎవరు?"

"చెప్ప."

"చెప్పకపోతే నేనేం రాయాలి? నువ్వే గోరివని నాకేంటి రుజువు?"

"తండాకు రా సారూ. కుక్కలు గూడ చెప్తయ్."

"కుక్కలతో సంతకం పెట్టించలేను కదమ్మా!" ఆయన విసుక్కున్నాడు. "నేను నీకు సాయం చేద్దామనే చూస్తున్నా. పేరు చెప్పు."

గోరి పెదవులు బిగించింది. ఉషారాణి తల్లినీ తండ్రినీ చూసి, చెప్పేద్దామని నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది.

"నేనే సారూ."

గుమ్మంలో పూలి. ఎండలో నడిచొచ్చినట్టుంది, పాదాలనిండా దుమ్ము. ముసుగు మాత్రం గడ్డం దాకా ఉంది.

"ముఖం చూపించకపోతే ఎట్లా తెలుస్తుందమ్మా?" అన్నాడు వెంకటేశ్వరరావు.

పూలి చేయి ముసుగు దాకా పోయి ఆగింది. బావ ఆ గదిలోనే ఉన్నాడు మరి. బద్యా వెనక్కి తిరిగి, ముఖం గోడకు పెట్టుకుని నిలబడ్డాడు. గోరికి ఆ క్షణాన మొగుడి మీద కొండంత ప్రేమ వచ్చింది. పొద్దుట తిట్టినదంతా క్షమించేసింది.

పూలి ముసుగు తీసింది. బొడ్లోంచి తమ కార్డు కూడా తీసి మొదటి కార్డు పక్కన పెట్టింది. రెండింట్లోనూ ఒకే ముఖం, ఒకే బెదురు చూపు.

"మరి బియ్యం?" గోరి గొణిగింది.

"నువ్వు పేరు చెప్పనని పోయినవ్. నాకు ఆకు కట్టబుద్ధి గాలే," అంది పూలి.

వెంకటేశ్వరరావు చాలాసేపు రెండు కార్డులనూ వేళ్లతో తిప్పాడు.

"నిజం చెప్పారు కాబట్టి కేసు పెట్టను. ఈ రెండో కార్డు విచారణయ్యేదాకా నా దగ్గరే ఉంటుంది, అది తప్పదు. గోరికి కాగితం రాస్తాను. కాని ఈ రెండో కార్డు ఇంటి పెద్ద, ఈమె భర్త వచ్చి, మా ఆవిడ వాళ్ల ఫోటోలో కూర్చుంది నిజమేనని సంతకమో వేలిముద్రో పెట్టాలి. లేకపోతే రేపు నా మెడకు చుట్టుకుంటుంది. ఐదింటికి ఆఫీసు మూస్తాం. రేపు రెండో శనివారం."

"ఆయన లేకుంటే గాదా సారూ?" పూలి గొంతు సన్నబడింది. "నేనొచ్చింది ఆయనకు తెల్వదు."

"కాదమ్మా."

"నేను పోత," అన్నాడు బద్యా గోడతోనే.

"నిన్ను చూస్తే మాటకంటే ముందు చెయ్యి లేస్తది రూప్లాకు," అంది గోరి. "పోవాల్సింది నేనే. ఉషా, చిన్నమ్మ కాడ కూసో."

"జ్వరంతోటి నీ ఒళ్లు కాలుతుంది యాడీ!"

"కాలనీ."

రూప్లా పని చేసే జామాయిల్ తోట చండ్రుగొండ దాటి అడవి అంచున ఉంది. గోరి ఎక్కిన ఆటో అక్కడికి చేరేసరికి మూడయింది. నరికిన మొద్దులను కూలీలు లారీకి ఎత్తుతున్నారు. రూప్లా చొక్కా విప్పి, ఒక మానుకు బెరడు చెక్కుతున్నాడు. ఆటో దిగి తడబడుతూ వచ్చే మనిషిని చూసి మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక గొడ్డలి దించాడు.

"ఎవరు చచ్చిండ్రు?"

మూడేళ్ల తరవాత ఆ రెండిళ్ల మధ్య మరిది నోట వచ్చిన మొదటి మాట అది.

"ఇంకా ఎవరు చావలే. చావొద్దనే వచ్చిన," అంది గోరి.

కూలీలు చూస్తున్నారు. గోరి మొద్దు మీద కూర్చోబోయి మానుకుంది. కూర్చుంటే లేవలేననుకుంది. నిలబడే మొత్తం చెప్పింది. పట్నంలో కౌంటరు, కార్డు, సోమవారం, ఐదు గంటలు. చివరికి గొంతు తడుపుకుంది.

"ఇంకోటి. సర్కారే పెండ్లి జేసిందన్న మాట ముందుగల అన్నది నేను. నవ్వులకన్న. నీ చెవిల వడి దెబ్బలై పూలికి తగిలింది. మూడేండ్లు దొంగలెక్క నోరు మూసుకున్న. తప్పు నాది."

రూప్లా దవడ బిగిసింది. "దానికి తెలుసా?"

"మొదటి రోజుకెల్లి తెలుసు."

"మరి నేను కొడుతుంటె చెప్పలే?"

"చెప్పలే. నువ్వు నా ఇంటి మీదికొస్తవని."

రూప్లా ఆ మాటకు నేలవైపు చూశాడు. చెంప మీద చెమట కారుతున్నా తుడుచుకోలేదు.

"ఇప్పుడు ఏడున్నది?"

"ఆఫీసుల. అందరి ముందట ముసుగు తీసి, ఫోటోల ఉన్నది నేనేనన్నది. మీ కార్డు గూడ టేబుల్ మీద పెట్టింది."

"నాకు చెప్పకుండ."

"నీకు చెప్పకుండనే."

రూప్లా కొమ్మకు తగిలించిన చొక్కా తీసి తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకోలేదు. మేస్త్రీకి ఏమీ చెప్పకుండానే ఆటోవైపు నడిచాడు. గోరికి ప్రాణం లేచొచ్చింది. వెనకే నాలుగడుగులు వేసి ఆగిపోయింది. గొడ్డలి అతని చేతిలోనే ఉంది.

"అది ఈడ పెట్టిరా రూప్లా."

"నా పనిముట్టు. ఇడిసిపెడితే ఎవడన్న ఎత్తుకపోతడు."

"ఎత్తుకపోనీ. ఏలిముద్రకు గొడ్డలెందుకు?"

రూప్లా ఆటోలో ఎక్కి కూర్చుని గొడ్డలి మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకున్నాడు. అతని ముఖంలో ఉన్నది కోపమో సిగ్గో గోరికి ఎంత చూసినా తెలియలేదు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. "జల్దీ ఎక్కమ్మా, మూడున్నరైతుంది," అన్నాడు.

గోరి ఎక్కలేదు. ఆటో ముందుకు వచ్చి, ముందరి అద్దం కింద ఇనుపరాడ్డును రెండు చేతులా పట్టుకుంది.

"దారి తప్పుకో వదినె. పోయేది నీ ఆపరేషనే."

"పోనీ. ఐదు గానీ, ఆరు గానీ. ఒకపారి నా నోటితోటి పూలిని కొట్టించిన. ఇంకోపారి నా కాళ్లతోటి నడిచొచ్చి నిన్ను దాని మీదికి తోల్కపోను. గొడ్డలి దించినాకనే ఈ బండి కదులుతది."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. లారీ దగ్గర కూలీలు మొద్దులు వదిలి ఒక్కొక్కరే ఇటు నడిచి వస్తున్నారు. రూప్లా గొడ్డలి దించలేదు. గోరి రాడ్డు వదల్లేదు.